కుడిబుగ్గ పుట్టుమచ్చ

పోస్టరు ముందు నిలబడి మా సలీహా వదిన వేలు పెట్టి మరీ చూపిస్తోంది.

"మచ్చ అటుంది చూడండి. మా పిల్లకి ఇటు, ఎడమ బుగ్గ మీద. కన్నదాన్ని, నాకు తెలీదా?"

రొట్టెల సంచులు చంకన పెట్టుకుని పక్కింటి ఆడవాళ్ళిద్దరు మెడలు సాచి చూస్తున్నారు. ట్రాము స్టాపు గోడ మీద నిలువెత్తు పోస్టరు. నలుపు తెలుపు ఫోటో. జుట్టు విరబోసుకున్న అమ్మాయి, భుజాలు బోసిగా, నోట్లో ఏదో మిఠాయి కుక్కుకుని, కళ్ళు మూసుకుని పగలబడి నవ్వుతోంది.

"అచ్చం మీ లుబ్నానే సలీహా. ఆ పళ్ళు, ఆ నవ్వు" అంది ఒకావిడ. వదిలిపెట్టే రకం కాదు.

"పళ్ళు అందరికీ ఉంటాయి. మచ్చ మాట చెప్పు. ఈ బుగ్గ నచ్చలేదని ఆ బుగ్గకి మారిపోడానికి అదేమన్నా అద్దెకున్న మనిషా?" వదిన నా వైపు తిరిగింది. "ఏం ఘనియా, ఫోటోలంటే ప్రాణం పెట్టేదానివి, బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేంటి? నువ్వు చెప్పు."

"మచ్చ అటే ఉంది వదినా" అన్నాను.

అందులో అబద్ధం లేదు. పోస్టరు మీద మచ్చ కుడిబుగ్గ మీదే ఉంది. కానీ ఆ ఫోటో తీసింది నేను. ఆ పిల్ల నా మేనకోడలు లుబ్నా. కింద చిన్న అక్షరాల్లో, ఫోటో తీసినవారు అన్నచోట ఉన్న పేరు నా స్నేహితురాలు వసీలాది. అల్జీర్స్‌లో ఫిల్ము ఫోటోల ప్రదర్శన పెడుతున్నారట, దాని కోసం వేసిన పోస్టరు ఇది. ఊరూరా అంటించారు. మా కాన్‌స్టాంటిన్‌లో గోడలకేం కొదవ, కొండ మీద ఊరు, ఎటు తిరిగినా గోడే.

మగవాళ్ళు ట్రాము కోసం నిలబడి తీరిగ్గా చూస్తున్నారు. ఒకడు పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ పొట్టు దాని కిందే ఉమ్ముతున్నాడు. ఆ గోడని గోళ్ళతో గీకేయాలనిపించింది నాకు. గీకితే అది లుబ్నానే అని నేనే చాటింపు వేసినట్టవుతుంది. చేతులు సంచి పట్టీ చుట్టూ బిగించి, వదిన వెనకే నడిచాను.

ఇది ఎందుకింత పెద్ద విషయమో చెప్పాలి. మా ఆడవాళ్ళ పెళ్ళి వేడుకల్లో ఫోటోలు తీయకూడదు. గుమ్మం దగ్గర ఒకరు గుడ్డసంచి పట్టుకుని నిలబడతారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఫోన్లు అందులో వేసి లోపలికి పోవాలి. లోపల తలగుడ్డలు తీసేస్తాం. ఏడాదంతా కుట్టించి దాచుకున్నవి కట్టుకుంటాం. మోకాళ్ళ నొప్పులని మూలిగే ముసలమ్మలు కూడా లేచి నడుం తిప్పుతారు. లోపల జరిగింది లోపలే ఉంటుంది. బజార్లో ఎదురుపడ్డ మగవాడికి మన జుట్టు ఏ రంగో తెలియకూడదు, అంతే. దీంతో నాకెప్పుడూ పేచీ లేదు. ఎవరి తలుపుకి వాళ్ళు గడియ పెట్టుకుంటారు, బయట నిలబడి అది ఎందుకని అడగడం నా పని కాదు.

నేను ఆడపిల్లల హైస్కూల్లో కెమిస్ట్రీ చెబుతాను. పెళ్ళి చేసుకోలేదు. కెమెరాని చేసుకుందని మా వదిన అందరికీ చెబుతుంది, అదీ నన్ను పక్కన కూచోబెట్టుకుని. వసీలా మా స్కూల్లోనే ఫ్రెంచి టీచరు. చిన్నప్పుడు యువజన కేంద్రంలో ఫోటోల క్లాసుకి వెళ్ళిన ఆడపిల్లలం మేమిద్దరమే. ఒకే బెంచీ, ఒకే కెమెరా, తిట్లు కూడా ఇద్దరికీ కలిపే. తక్కిన వాళ్ళంతా పెద్దయ్యాక ఆ పిచ్చి వదిలించుకున్నారు. మాకు వదల్లేదు.

ఫిల్ము మా ఊళ్ళో దొరకదు. ఎవరన్నా అల్జీర్స్ వెళ్తే తెప్పించుకుని పంచుకునేవాళ్ళం. నా ఫ్రిజ్‌లో వెన్న పక్కన ఫిల్ము డబ్బాలుంటాయి. ఖాళీ అయిన డబ్బాల్లో జీలకర్ర, మిరియాలు, కుంకుమపువ్వు పోసుకుంటాను, గట్టి మూత, చీమ కూడా దూరదు. సెలవు రోజుల్లో ఇద్దరం వంతెనల మీద తిరిగేవాళ్ళం. వసీలా చకచకా నొక్కేసేది. నేను ఒక్కో ఫోటోకి పిసినారిలా ఆలోచించేదాన్ని. ఇంటికొచ్చాక మా బాత్‌రూమే చీకటిగది. కిటికీకి దుప్పటి, ఎర్రబల్బు, టబ్బు మీద చెక్క, చెక్క మీద ట్రేలు. తెల్లకాగితం మందునీళ్ళలో మునిగాక ముందు కళ్ళు తేలతాయి, తర్వాత జుట్టు, ఆ తర్వాత మనిషి. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణంలో మా ఇద్దరికీ నోట మాట వచ్చేది కాదు. వసీలాకి నోట మాట రాకపోవడం అంటే మాటలు కాదు.

"నీ దగ్గర ఆ వెనిగర్ కంపేంటి? ఆలివ్‌కాయలు ఊరబెడుతున్నావా?" అని మా వదిన ముక్కు మూసుకునేది.

తర్వాత వసీలా స్కానర్ కొంది. అప్పట్నుంచి ఫిల్ము కడగడానికి మాత్రమే మా ఇంటికొచ్చేది. ఆరాక తీసుకుపోయి కంప్యూటర్‌లోకి ఎక్కించుకునేది. "నువ్వింకా ట్రేలు ఊపుకుంటూ కూచో, నేను టీ తాగుతూ పని కానిస్తా" అని ఎగతాళి చేసేది. నేను నా ట్రేలు ఊపుకుంటూనే కూచున్నాను.

లుబ్నా పెళ్ళి కుదిరినప్పుడు వాళ్ళత్తగారు హాజ్జా ఉనీసా పెట్టిన మొదటి షరతు, ఒక్క ఫోటో కూడా తీయకూడదని. పెద్దావిడ, మక్కా వెళ్ళొచ్చిన మనిషి, గడప దాటడం తక్కువ. లుబ్నా ఏడుస్తూ నా దగ్గరికొచ్చింది. "నా పెళ్ళిలో నేనెలా ఉన్నానో నాకే తెలీకుండా పోతుందత్తా. నువ్వెళ్ళి అడుగు. నీది పాత కెమెరా కదా, నువ్వు చెబితే ఒప్పుకుంటుంది."

కెమెరా పట్టుకునే వెళ్ళాను. హాజ్జా దాన్ని చేతిలోకి తీసుకుని, బజార్లో కోడిని చూసినట్టు అటూ ఇటూ తిప్పింది.

"ఇందులోంచి ఎవరికన్నా పంపించడానికవుతుందా?"

"అవదు హాజ్జా. ఇది ఫోను కాదు. లోపల ఫిల్ముంటుంది. దాన్ని కడిగితే నెగెటివ్ వస్తుంది. నెగెటివ్ తల్లి అనుకోండి, కాగితం మీద ఫోటో పిల్ల. తల్లి లేకుండా పిల్ల పుట్టదు. పెళ్ళయ్యాక ఆ తల్లిని తెచ్చి మీ చేతిలో పెట్టేస్తాను."

"కడిగేదెవరు?"

"నేనే. మా ఇంట్లోనే. మగవాడి నీడ పడదు."

ఆవిడ కెమెరా తిరిగిచ్చింది. "పిల్లలకి చదువు చెప్పేదానివి, నీ మాట మీద ఒప్పుకుంటున్నా. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో ఘనియా. ఇందులో తేడా వస్తే నేను నిన్ను పల్లెత్తు మాటనను. నీ ఇంట్లో నువ్వుంటావు. నా ఇంట్లో ఉండేది నీ మేనకోడలు."

నవ్వుతూనే అంది.

పెళ్ళినాడు ముస్తాబు గదిలో మేం నలుగురైదుగురం ఉన్నాం. లుబ్నా పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. జరీ పనితో బరువెక్కిన మఖమల్ పెళ్ళిగౌను, గండూరా, మంచం మీద పరిచి ఉంది. పిల్ల లోపలి బట్టలతో, జుట్టు విరబోసుకుని, బిగుసుకుపోయి కూచుంది. వదిన బయట వచ్చేవాళ్ళని చూసుకుంటోంది. అప్పుడు వసీలా పళ్ళెంలోంచి పెద్ద జౌజియా ముక్క తీసి దాని నోట్లో కుక్కింది. తేనె, అక్రోట్లు, గట్టి పాకం. పళ్ళకి అతుక్కుంటే ఒక పట్టాన ఊడదు.

"నవ్వకే, నవ్వితే పన్నూడి పాకంలో ఉండిపోతుంది. బోసినోటితో వెళ్తావు మొగుడి దగ్గరికి" అంది వసీలా.

లుబ్నా నవ్వేసింది. కళ్ళు మూసుకుని, తల వెనక్కి వేసి, ఒళ్ళంతా ఊగేలా నవ్వింది. నేను నొక్కాను. కొన్ని ఫోటోలు నొక్కినప్పుడే తెలుస్తాయి. ఇన్నాళ్ళ నా పిసినారితనమంతా ఆ ఒక్క నొక్కు కోసమే అనిపించింది.

వారంలో ఆల్బమ్ ఇస్తానని పెళ్ళికూతురికి మాటిచ్చాను. ఫిల్ము కడిగాను, ఆరబెట్టాను. తీరా ఫోటోలు పెద్దవి చేసే యంత్రంలో బల్బు మాడిపోయింది. ఊరంతా తిరిగినా దొరకలేదు.

"నా దగ్గరికి తెచ్చెయ్యి, స్కాన్ చేసి నా ప్రింటర్‌లోనే తీసిద్దాం" అంది వసీలా. "ఏం, నేనేమన్నా మగాణ్ణా? ఆ గదిలో నేనూ ఉన్నాగా."

నిజమే. ఆ గదిలో ఉన్న మనిషే, అక్కడి పళ్ళెంలో తిన్న మనిషే. తీసుకెళ్ళాను. అయినా ఒప్పుకున్న మాట ఒకటుంది కనక, కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూచుని, ఒక్కో బొమ్మా తెర మీదికి రావడం చూశాను. మధ్యలో ఒక ముక్క బోర్లా పడింది. ఫిల్ముకి ఒకవైపు మెరుస్తుంది, ఒకవైపు మసగ్గా ఉంటుంది. వైపు చూసుకోకుండా పెడితే బొమ్మలో కుడిఎడమలు తారుమారవుతాయి. తెర మీద లుబ్నా జౌజియా నములుతూ నవ్వుతోంది, పుట్టుమచ్చ కుడిబుగ్గ మీద.

"ఓసి పిచ్చిమొహమా, బోర్లా పెట్టావు" అని నవ్వాను.

"అరె, అవును. పోన్లే, ఇది చెత్తలోకి" అని వసీలా ఆ ముక్కని తిప్పి మళ్ళీ పెట్టింది.

ఆల్బమ్‌కి పనికొచ్చేవన్నీ ప్రింటు తీశాం. ఈ నవ్వు ఫోటో మాత్రం నేనే వద్దన్నాను, హాజ్జా చూస్తే గుండె పట్టుకుంటుంది. చివర్న వసీలా కంప్యూటర్‌లోంచి అన్నీ చెరిపేసింది, నా కళ్ళ ముందే. "చూశావా, పోయాయి. ఇప్పుడు తృప్తా, అనుమానాల రాణీ?" అంది. పక్కన కాపలా కూచున్నందుకు నాకే సిగ్గేసింది. నెగెటివ్‌లు బిస్కట్ల రేకు డబ్బాలో పెట్టి హాజ్జా చేతికిచ్చాను. పెళ్ళి కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఏడాది తిరిగాక ఇదిగో, ట్రాము స్టాపు గోడ.

వదినని ఇంటి దగ్గర దింపి నేరుగా వసీలా ఇంటికి వెళ్ళాను. తలుపు తీయగానే నారింజపూల వాసన గుప్పుమంది. పూలనీళ్ళు దించే కాలం అది. పొయ్యి మీద రాగి బట్టీ, గొట్టంలోంచి సీసాలోకి బొట్టు బొట్టుగా దిగుతోంది. ప్రతి ఏడూ మొదటి సీసా నాకే ఇచ్చేది.

నా మొహం చూసి, "చూశావన్నమాట" అంది.

"నేనొక్కదాన్నేనా? ఊరంతా చూస్తోంది."

"పోస్టరు వేస్తారని నాకు తెలీదు ఘనియా, ఒట్టు. అల్జీర్స్‌లో ఏదో గోడకి ఓ మూల వేలాడుతుందనుకున్నా. వాళ్ళకి నచ్చేసింది."

"నా కళ్ళ ముందు చెరిపేశావు."

"చెరిపేశా. నువ్వు చూస్తుండగా అన్నీ చెరిపేశా. ఇది చెత్తలో పడేసిన ముక్క. బోర్లా పడిందని నువ్వే కదా నవ్వావు."

"చెత్తని ఎవరన్నా దాచుకుంటారా?"

"దాచుకున్నా. ఏం చెయ్యను? నువ్వు వెళ్ళాక ఇంకోసారి చూశా, ఇంక పారెయ్యలేకపోయా. ఎంత గొప్ప ఫోటోనో నీకు తెలుసా? తెలుసు. తెలిసే తీసుకెళ్ళి ఆ ముసలమ్మ బిస్కట్ డబ్బాలో పడేశావు. అక్కడ బూజు పట్టిపోయేది."

"పట్టనీ. దాని మొహం, దాని కాపురం, దాని బూజు. నీకేం?"

"అరవకు. నీ పేరు పెడితే నువ్వు దొరికిపోతావని నా పేరు పెట్టా. లేకపోతే నాకు అంత ఆశ ఏం ఉంది?"

నాకు నవ్వొచ్చింది. దొంగతనం చేసి, పైగా కాపలా కాశానంటోంది.

"నా మంచి కోసం నా ఫోటో తీసుకున్నావు, బాగుంది. మరి పిల్ల మంచి కోసం ఏం చేశావు?"

వసీలా మంట తగ్గించింది. చేతులు తుడుచుకుంది. తర్వాత చాలా మెల్లగా, పిల్లలకి వ్యాకరణం చెప్పినట్టు చెప్పింది. "మచ్చ అటుంది కదా. అది చూసే పంపాను. తిన్నగా ఉన్నదైతే పంపేదాన్నే కాదు. ఎవరూ గుర్తుపట్టరు. అనుమానం వచ్చినవాళ్ళకి కూడా మచ్చ చూపిస్తే చాలు. నువ్వు నోరు విప్పకపోతే ముగ్గురం బాగుంటాం. విప్పావనుకో, ముందు మునిగేది నేను కాదు, నువ్వు కాదు. అది నీకూ తెలుసు."

అప్పటిదాకా నాలో ఎక్కడో ఒక ఆశ ఉంది. ఏదో బుద్ధి గడ్డి తిని చేసిందేమో, పోస్టరు చూసి భయపడి ఉంటుందేమో, నన్ను చూడగానే ఏడుస్తుందేమో అని. అలాంటిదేం లేదు. అన్నీ ముందే ఆలోచించుకుంది. మచ్చ గురించి ఆలోచించింది, నా గురించీ ఆలోచించింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని నేను చూశాను. ఇది నా నోటిని కూడా ఆ లెక్కలో వేసుకుంది. చిన్నప్పట్నుంచి నన్ను చదివిన మనిషి, నేను ఎక్కడ నోరు మూసుకుంటానో కచ్చితంగా తెలిసిన మనిషి, ఆ తెలివినంతా తెచ్చి నా మీదే వాడింది. ఇన్నేళ్ళ స్నేహం ఇందుకు పనికొచ్చింది.

"నీ చేత్తోనే దాని నోట్లో జౌజియా పెట్టావు కదే" అన్నాను.

వసీలా పొయ్యి ఆపింది. నిండిన సీసాకి బిరడా పెట్టి, ఏటేటా ఇచ్చినట్టే నా చేతిలో పెట్టింది. మెట్ల మీద పెట్టేసి వచ్చేశాను.

శుక్రవారం భోజనాలయ్యాక వదిన నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. "హాజ్జా రమ్మని కబురంపింది. నువ్వొచ్చి మచ్చ సంగతి చెప్పు. నేను చెబితే తల్లి ప్రేమంటారు, నువ్వు చెబితే సైన్సంటారు."

హాజ్జా పరుపు మీద కూచుని ఉంది, ఒళ్ళో ఆ బిస్కట్ల డబ్బా. లుబ్నా కాఫీలు తెచ్చింది. అప్పటికే కడుపుతో ఉంది, ఇంకా పైకి తెలియడం లేదు. నా ముందు కప్పు పెట్టేటప్పుడు తల ఎత్తలేదు.

"బజార్లో ఏదో బొమ్మ పెట్టారంట కదా" అంది హాజ్జా.

"మచ్చ అటుంది హాజ్జా" అని వదిన అందుకుంది. "నా ఎత్తు పోస్టరు, దగ్గరికెళ్ళి చూశా. పోలిక ఉంది, కాదన్ను. లోకంలో ఒకేలాంటోళ్ళు ఏడుగురుంటారంటారు, ఒకతి అల్జీర్స్‌లో ఉండకూడదా?"

హాజ్జా డబ్బా మూత తీసింది. ఫిల్ము ముక్క ఒకటి రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని కిటికీ వెలుతురుకి ఎత్తింది. నేను కూచున్న చోటి నుంచి చూశాను. అదే ముక్క. రెండో బొమ్మ అదే. నెగెటివ్‌లో నవ్వులు తెలియవు కాబట్టి సరిపోయింది కానీ, ఆవిడ ఆ ముక్కని ఒక్కసారి వెనక్కి తిప్పి పోస్టరు పక్కన పెట్టిస్తే చాలు. జుట్టు జుట్టుకీ, భుజం భుజానికీ, మచ్చ మచ్చకీ సరిపోతుంది. నా కళ్ళు ఆవిడ వేళ్ళ మీదే ఉన్నాయి.

"దయ్యాల్లా ఉన్నారు" అంది. "మొహాలు నల్లగా, జుట్లు తెల్లగా. ఇందులో ఎవరు ఎవరో నాకేం తెలుస్తుంది. ఘనియా, ఈ తల్లి ఒక్కతే కదా?"

"ఒక్కతే హాజ్జా."

"నా చేతిలోనే ఉంది కదా?"

"మీ చేతిలోనే ఉంది."

"తల్లి ఇక్కడుంటే పిల్ల అక్కడ ఎలా పుడుతుంది? నువ్వు ఆ రోజు చెప్పిన మాటే నేను అందరికీ చెబుతున్నా." ముక్కని డబ్బాలో పెట్టి మూత నొక్కింది. "అల్లా కప్పి ఉంచాడు. కాఫీ తాగండి, చల్లారిపోతుంది."

ఆవిడా నమ్మాలనే అనుకుంది, కొడుకు సుఖంగా ఉన్నాడు, కోడలు కడుపుతో ఉంది. వదిన నా తొడ గిల్లింది సంతోషంతో. నేను చెప్పిన ప్రతి మాటా నిజమే. అన్నీ కలిపితే మాత్రం వసీలా నా కోసం వండిపెట్టిన అబద్ధం. దాన్ని కాఫీతో పాటు మింగాను.

"అత్తా, లోపల కొత్త పరదాలు కట్టా, చూద్దువుగాని రా" అంది లుబ్నా.

గదిలోకెళ్ళాక తలుపు మూసింది. పరదాల వైపు చూడనైనా లేదు. నన్ను చెయ్యి పట్టుకుని బీరువా అద్దం ముందు నిలబెట్టి, పక్కన తనూ నిలబడింది. తలగుడ్డ తీసి, జుట్టు విప్పి భుజాల మీద వేసుకుంది.

"చూడు."

అద్దంలో లుబ్నా. పుట్టుమచ్చ కుడిబుగ్గ మీద.

"అమ్మ ఇటు అంటుంది. ఊరంతా ఇటు అంటుంది. మా ఆయన కూడా ఆ పోస్టరు చూసి నవ్వాడు, నీ పోలికే కానీ మచ్చ అటుంది అన్నాడు. నాకు మాత్రం పుట్టినప్పట్నుంచీ మచ్చ అటే అత్తా. నా మొహం నేనెప్పుడూ ఇలాగే చూసుకున్నా. ఫోటోల్లో నేను నాలా ఉండను, ఎవరో నా అక్కలా ఉంటా. నువ్విచ్చిన ఆల్బమ్‌లో కూడా అంతే, నీకు చెప్పలేదు. ట్రాము దిగి ఆ గోడ చూడగానే..." అద్దంలో మచ్చ మీద వేలు పెట్టింది. "నాలా ఉన్న ఫోటో నా జన్మలో అదొక్కటే."

బతుకంతా ఫిల్ము తిప్పుకుంటూ గడిపినదాన్ని, నాకు ఈ సంగతి తోచలేదు. వసీలాకీ తోచలేదు. ఊరందరి కళ్ళూ కప్పుతుందని ఎంచుకున్న ఫోటో, ఎవరికి తెలియకూడదో వాళ్ళకే అద్దంలా కనపడింది.

"నువ్వా పంపింది?" అని అడిగింది.

"కాదు. వసీలా. బల్బు మాడిపోతే దాని ఇంట్లో స్కాన్ చేశాం. నా ముందే అన్నీ చెరిపింది. ఒకటి దాచుకుంది."

లుబ్నా మంచం అంచున కూచుంది. "నోట్లో పెట్టింది కదా, తన చేత్తో" అంది. దుప్పటి ముడత సర్దుతూ మళ్ళీ, "ఎంత నవ్వించింది ఆ రోజు" అంది.

"ఇప్పుడే బయటికెళ్ళి హాజ్జాకి చెప్పేస్తా. దాని పేరు పెట్టి చెబుతా. దోషం దాని మీద పడుతుంది, నీ మీద కాదు."

"చెబితే నువ్వు కడిగిన ముత్యంలా బయటపడతావు. నా బోసి భుజాలు నావే కదా? మా ఆయన రేపట్నుంచి ఆ ట్రాము ఎక్కగలడా?" కళ్ళు తుడుచుకుని జుట్టు ముడి వేసుకుంది. "వద్దు. అది నేను కాదు. మచ్చ అటుంది. నువ్వూ అదే చెప్పు, ఎవరడిగినా, ఎప్పుడడిగినా."

"నన్ను నమ్ముతున్నావా?"

"నమ్ముతున్నా. కోపం కూడా లేదు." తలగుడ్డ కట్టుకుంటూ అద్దంలోంచే నన్ను చూసింది. "కానీ ఇంకెప్పుడూ నన్ను ఫోటో తీయకత్తా."

పోస్టరు మీద కొన్నాళ్ళకి బట్టల సబ్బుపొడి పోస్టరు అంటించారు. ప్రదర్శన బాగా జరిగిందని విన్నాం. స్కూల్లో స్టాఫ్‌రూమ్‌లో వసీలాకి పూలగుత్తి ఇచ్చి కేకు కోశారు. ప్రిన్సిపాల్ నా వైపు తిరిగి, "మీ ఇద్దరూ కలిసి నేర్చుకున్నారటగా, రెండు మాటలు చెప్పండి ఘనియా" అంది. వసీలా నన్నే చూస్తోంది. నేను ఎక్కడ నోరు మూసుకుంటానో దానికి తెలుసు.

"ఫోటో చాలా బాగుంది" అన్నాను. నేను తీసినవాటిలో అంత మంచిది ఇంకొకటి లేదు, ఇకమీదట రాదు కూడా. కేకు ముక్క తీసుకోకుండా క్లాసుకి వెళ్ళిపోయాను. ఆ తర్వాత దానితో మాట్లాడలేదు. బల్బు దొరికింది కానీ యంత్రానికి ఇంకా పెట్టలేదు. టబ్బు మీది చెక్క తీసేశాను. ఇప్పుడది ఉత్త బాత్‌రూమ్.

లుబ్నాకి ఆడపిల్ల పుట్టింది. నలభయ్యో రోజు ఆడవాళ్ళకి విందు చేశారు. గుమ్మం దగ్గర ఫోన్ల సంచి పట్టుకుని లుబ్నాయే నిలబడింది. పక్కన వదిన, చంకలో మనవరాలు. ముందున్నవాళ్ళంతా ఫోన్లు వేసి, లుబ్నా బుగ్గలు ముద్దాడి లోపలికి పోతున్నారు. నేనూ నా ఫోను వేశాను. కెమెరా తేలేదు, అసలు అల్మారాలోంచే తీయలేదు. లోపలికి అడుగు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అత్తా, నీ సంచీ."

"మీ అత్త సంచి వెతకడమేంటే, బుద్ధుందా?" అంది వదిన.

"పద్ధతి అందరికీ ఒకటేనమ్మా."

నా ముందు ఎవరి సంచీ చూడలేదు. వదినకి అది తెలుసు, కారణం మాత్రం తెలియదు. నోరు తెరుచుకుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. నేను సంచి విప్పి పట్టుకున్నాను. లోపల పిల్లకి అల్లిన స్వెటరు. దాని కింద, నల్లమూత ఉన్న ఫిల్ము డబ్బా.

లుబ్నా చెయ్యి అక్కడే ఆగింది.

"నల్లజీలకర్ర" అన్నాను. "పిల్ల దిండు కింద పెడదామని, దిష్టి తగలకుండా. మా ఇంట్లో అన్నీ వాటిల్లోనే ఉంటాయి, తెలుసు కదా."

డబ్బా తీసి చెవి దగ్గర ఆడించింది. గలగలమంది. మూత తీసి లోపలికి చూసింది, వాసన చూసింది. నల్లజీలకర్రే. ఒక గింజ కింద పడింది. మూత గట్టిగా నొక్కి పెట్టి, నా మొహంలోకి చూడకుండా, డబ్బాని ఫోన్ల సంచిలో వేసింది.

"వెళ్ళేటప్పుడు తీసుకుందువుగాని అత్తా" అంది. "లోపలికి రా."